లెక్కల మాత్ర

మార్చి నెల వచ్చిందంటే బందరులో గాని, గుడివాడలో గాని, అవనిగడ్డలో గాని పదో తరగతి పిల్లలున్న ఇళ్ళను గుర్తుపట్టడం కష్టం కాదు. రాత్రి పన్నెండు దాటినా లైటు వెలుగుతూనే ఉంటుంది. బల్లమీద ఫ్లాస్కులో టీ ఉంటుంది. టీలోను, కాఫీలోను ఉండే కెఫీన్ అనే పదార్థం నిద్రను కొంతసేపు వాయిదా వేస్తుంది. ఇది మనకు తెలిసిన సంగతే.

కెఫీన్ కంటే ఎన్నో రెట్లు బలమైన మందులు ఉన్నాయి. వీటిని ఉత్తేజకాలు అంటారు. కొన్ని దేశాల్లో పరీక్షల ముందు ఎవరి దగ్గరో సంపాదించి వీటిని మింగే విద్యార్థులున్నారు. ఇంకోపక్క, ఇవే మందులను డాక్టరు రాసిచ్చిన చీటీ ప్రకారం ఏళ్ళ తరబడి వాడే పిల్లలు లక్షల సంఖ్యలో ఉన్నారు. గుడివాడ చుట్టుపట్ల ఊళ్ళ నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక, అక్కడి పెద్దనాన్న కొడుకో, పిన్ని కూతురో రోజూ పొద్దున్నే ఒక మాత్ర వేసుకొంటారని మీలో కొందరు వినే ఉంటారు.

ఒక మాత్ర ఒక పూట ఏం చేస్తుందో ఆ పూటే తెలుస్తుంది. అదే మాత్రను పదేళ్ళు వాడితే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు ప్రయోగశాలలోని గాజు గొట్టంలో దొరకదు. దాన్ని ఎలా వెతికారో, ఏం దొరికిందో చూద్దాం.

తలనొప్పికి ఇస్తే లెక్కలు వచ్చాయి

1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు ఒక పిల్లల ఆసుపత్రిలో పనిచేస్తున్నాడు. ప్రవర్తనలో చిక్కులున్న పిల్లల్ని అక్కడ ఉంచేవారు. ఆ రోజుల్లో మెదడుకు ఎక్స్‌రే తీయడం చాలా బాధాకరమైన పని. వెన్నులో సూది గుచ్చి, మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని తీసి, దాని స్థానంలో గాలి ఎక్కించేవారు. ఆ తరువాత పిల్లలు తలనొప్పితో అల్లాడిపోయేవారు. తలనొప్పి తగ్గుతుందేమోనని బ్రాడ్లీ వాళ్ళకు బెంజిడ్రిన్ అనే మాత్ర ఇచ్చి చూశాడు. అందులో ఉండేది ఆంఫెటమిన్. దాన్ని అప్పటికి యాభై ఏళ్ళ క్రితమే, 1887లో, ఎడిలియాను అనే రుమేనియా రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేశాడు. కాని అది దేనికి పనికివస్తుందో చాలా కాలం ఎవరికీ తెలియలేదు.

తలనొప్పి పెద్దగా తగ్గలేదు. కాని ఒక వింత జరిగింది. ఒకచోట కుదురుగా కూర్చోలేని పిల్లలు కూర్చుని బడి పని చేయసాగారు. బ్రాడ్లీ 30 మంది పిల్లలకు ఈ మందు ఇచ్చి చూస్తే, వారిలో సుమారు సగం మందికి చదువులో స్పష్టమైన మెరుగుదల కనిపించింది. పిల్లలు తమంతట తామే ఈ మాత్రకు పేరు కూడా పెట్టుకొన్నారు: లెక్కల మాత్ర!

మన దేశంలో ఇప్పుడు ఇలాంటి పిల్లలకు ఎక్కువగా వాడే ఉత్తేజకం మిథైల్‌ఫెనిడేట్. దీన్ని 1944లో స్విట్జర్లండులోని సీబా కంపెనీలో పానిజోన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేశాడు. ఆయన భార్య మార్గరీట్‌ను ఇంట్లో రీటా అని పిలిచేవారు. ఆమె టెన్నిస్ ఆడబోయే ముందు ఈ మందు వేసుకొనేదట. ఆమె పేరు మీదనే దానికి రిటాలిన్ అని పేరు పెట్టారు. 1954 నుంచి అది అమ్మకానికి వచ్చింది. మందుల పేర్లకు అర్థం వెతకబోతే ఒక్కోసారి ఇలాంటి కథలు బయటపడతాయి!

అప్రస్తుత ప్రసంగిని తోసేయలేని మెదడు

అవధానం అనే మాట మన జిల్లాకు కొత్త కాదు. తిరుపతి వెంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారు బందరు హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేశారు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులుంటారు. వారిలో ఒకరి పని, సంబంధం లేని మాటలతో అవధాని దృష్టిని చెదరగొట్టడమే. అవధాని ఆయనకు చమత్కారంగా ఒక జవాబు చెప్పి, పట్టు తప్పకుండా మళ్ళీ పద్యంలోకి వచ్చేస్తాడు.

మన మెదడు కూడా రోజంతా చిన్న అవధానం చేస్తూనే ఉంటుంది. మాస్టారు పాఠం చెబుతున్నప్పుడు బయట లారీ హారను మోగుతుంది, పక్కవాడు పెన్సిలు కింద పడేస్తాడు. ఎక్కువమంది పిల్లలు ఒక క్షణం అటు చూసి మళ్ళీ పాఠంలోకి వస్తారు. కొందరు పిల్లలకు ఇది చాలా కష్టం. వాళ్ళ మెదడులో అప్రస్తుత ప్రసంగిదే రాజ్యం. ఇది బద్ధకం కాదు, పొగరు కాదు, తల్లిదండ్రుల పెంపకం లోపమూ కాదు. దీన్ని అవధాన లోపం, అతి చురుకుదనం అనే జబ్బుగా వైద్యులు గుర్తిస్తారు. అయితే అల్లరి చేసే ప్రతి పిల్లవాడికీ ఈ జబ్బు ఉన్నట్లు కాదు. చిన్నతనం నుంచీ, ఇంట్లోను, బడిలోను కూడా, చదువునూ స్నేహాలనూ పాడుచేసేటంతగా ఉంటేనే ఆ పేరు పెడతారు. అమెరికాలో 2022లో జరిగిన సర్వే ప్రకారం, 3 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో నూటికి 11 మందికి పైగా పిల్లలకు ఈ జబ్బు ఉందని ఎప్పుడో ఒకప్పుడు డాక్టరో, ఇతర వైద్య సిబ్బందో చెప్పారు. ఆ దేశంలో ఈ పేరు మరీ సులువుగా పెడుతున్నారా అనే వాదన కూడా ఉంది.

చేనూ, బోదే, మురుగూ

ఇంతకీ మందు ఎలా పనిచేస్తుంది? మెదడులో ఒక నాడీకణానికీ, ఇంకొక కణానికీ మధ్య సన్నని సందు ఉంటుంది. మొదటి కణం ఆ సందులోకి డోపమిన్, నార్ఎడ్రినలిన్ వంటి రసాయనాలను విడుదల చేస్తుంది. అవి అవతలి కణానికి కబురు అందిస్తాయి. పని అయిపోగానే మొదటి కణం వాటిని మళ్ళీ లోపలికి లాగేసుకొంటుంది.

దివిసీమ వాళ్ళకు దీన్ని అర్థం చేసుకోవడం సులువు. విజయవాడ దగ్గర బ్యారేజి నుంచి బయలుదేరిన కృష్ణ నీరు పులిగడ్డ అక్విడెక్టు మీదుగా దివిసీమకు చేరుతుంది. చివరి చేలకు నీరందడం ఎంత కష్టమో నాగాయలంక, కోడూరు వైపు రైతుల్ని అడిగితే చెబుతారు. కణాల మధ్య సందును ఒక చేను అనుకోండి. నీరు పెట్టే బోదె ఒకటుంది, నీరు పోయే మురుగు బోదె ఒకటుంది. మిథైల్‌ఫెనిడేట్ మురుగు బోదెకు అడ్డకట్ట వేస్తుంది. దాంతో వచ్చిన కొద్ది నీరే చేలో ఎక్కువసేపు నిలుస్తుంది. ఆంఫెటమిన్ ఇంకో అడుగు ముందుకు వేసి, మురుగు బోదెలోని నీటిని వెనక్కి చేలోకి తన్నేటట్లు చేస్తుంది.

నీరు చాలని చేనుకు ఈ అడ్డకట్ట మేలు చేస్తుంది. సరిపడా నీరున్న చేనుకు అదే అడ్డకట్ట వేస్తే వరి మునిగిపోతుంది. శ్రద్ధను నడిపే మెదడు ముందుభాగంలో ఈ రసాయనాలు మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా పని చెడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మెదడు చేను కంటే లక్షరెట్లు చిక్కైనది కనుక ఈ పోలికను ఇంతకంటే సాగదీయకూడదు.

ఒక ముఖ్యమైన సంగతి మిగిలిపోయింది. ఈ రసాయనాలు మెదడులోనే కాదు, గుండెమీదా, రక్తనాళాలమీదా కూడా పనిచేస్తాయి. అందుకే ఉత్తేజకం వేసుకొన్న వారి నాడి కాస్త వేగంగా కొట్టుకొంటుంది, రక్తపు పోటు కొద్దిగా పెరుగుతుంది. ఆకలి మందగిస్తుంది. నిద్ర ఆలస్యంగా వస్తుంది.

మోగని గంట

అలసట అనేది శరీరం మోగించే గంట. ఉత్తేజకం అలసటను తీర్చదు, గంట మాత్రం వినపడకుండా చేస్తుంది. 1967 జూలై 13న ఫ్రాన్సు దేశపు ప్రసిద్ధ సైకిలు పందెంలో టామ్ సింప్సన్ అనే ఇంగ్లీషు ఆటగాడు మండుటెండలో మాం వాంటూ కొండ ఎక్కుతూ కూలిపోయి చనిపోయాడు. ఆయన శరీరంలో ఆంఫెటమిన్ ఉన్నట్లు పరీక్షలో తేలింది. వేడికీ, శ్రమకూ శరీరం ఆగమంటున్నా ఆ కబురు ఆయనకు అందలేదు. జపానులో రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకూ, కార్మికులకూ ఇచ్చిన మెథాంఫెటమిన్ యుద్ధం ముగిశాక మామూలు జనంలోకి పాకి, ఎంతోమంది దానికి బానిసలయ్యారు. చివరకు 1951లో ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది.

ఇవన్నీ పెద్ద మోతాదుల కథలు. డాక్టరు లెక్కకట్టి ఇచ్చే చిన్న మోతాదును వీటితో కలిపేసి భయపడడం సరికాదు. కాని చిన్న మోతాదు కూడా ఏళ్ళ తరబడి వాడితే ఏమిటనేది విడిగా తేల్చవలసిన ప్రశ్న.

గోడమీద గీతలు

ఇంట్లో గోడమీద గీతలు గీసి మీ ఎత్తు కొలుచుకొన్నారా? దాదాపు అదే పని అమెరికా, కెనడా పరిశోధకులు చాలా పెద్ద ఎత్తున చేశారు. 7 నుంచి 9 ఏళ్ళ వయసుగల 579 మంది అవధాన లోపం ఉన్న పిల్లల్ని తీసుకొని, లాటరీ వేసినట్లు నాలుగు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు జాగ్రత్తగా మందు ఇచ్చారు. ఒక జట్టుకు మందు లేకుండా ప్రవర్తన శిక్షణ ఇచ్చారు. ఒక జట్టుకు రెండూ ఇచ్చారు. నాలుగో జట్టును మామూలుగా ఊళ్ళో దొరికే వైద్యానికి వదిలేశారు. 14 నెలల తరువాత చూస్తే, జబ్బు ముఖ్య లక్షణాలు తగ్గించడంలో మందు ఉన్న రెండు జట్లూ ముందున్నాయి. ఈ ఫలితం 1999లో వెలువడింది.

అక్కడితో ఆపి ఉంటే మందు గెలిచిందని పుస్తకం మూసేసేవాళ్ళు. వాళ్ళు ఆపలేదు. ఆ పిల్లలు పెరిగి పాతికేళ్ళ వాళ్ళయ్యేదాకా కొలుస్తూనే వచ్చారు. 2017లో ప్రకటించిన ఫలితాల్లో రెండు సంగతులు ఉన్నాయి. ఏళ్ళ తరబడి మందు వాడినవారు, దాదాపు వాడనివారికంటే సగటున సుమారు 2.5 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారు. పెద్దయ్యాక జబ్బు లక్షణాలు మాత్రం, ఎక్కువ కాలం మందు వాడినవారిలో తక్కువగా ఏమీ లేవు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. లాటరీ 14 నెలలకే. ఆ తరువాత ఎవరు మందు కొనసాగించాలో, ఎవరు మానాలో కుటుంబాలే నిర్ణయించుకొన్నాయి. జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లలే ఎక్కువ కాలం వాడి ఉండవచ్చు కదా? అప్పుడు తేడా అంతా మందువల్లనే అని చెప్పలేము. వేరే కొన్ని పరిశీలనల్లో ఎత్తులో ఇంత తేడా కనిపించలేదు. అయినా ఆకలి తగ్గితే ఎదుగుదల మందగించడం నమ్మదగిన సంగతే. అందుకే ఈ మందు వాడే పిల్లల ఎత్తూ, బరువూ క్రమం తప్పకుండా కొలిచి రాసిపెట్టాలని వైద్యులు పట్టుబడతారు. గీత ఆగిపోయినట్లు కనిపిస్తే మోతాదు మారుస్తారు, లేదా సెలవుల్లో కొన్నాళ్ళు మందు ఆపుతారు.

గుండె సంగతి ఏమిటి? 2011లో అమెరికాలో 12 లక్షల మంది పిల్లల, యువకుల వైద్య రికార్డులు పరిశీలించారు. ఈ మందులవల్ల హఠాన్మరణాలు, గుండెపోట్లు, పక్షవాతం పెరిగినట్లు ఆధారం దొరకలేదు. అయితే అది కొద్ది సంవత్సరాల చూపు. స్వీడన్ దేశంలో 2 లక్షల 78 వేల మందిని 14 ఏళ్ళపాటు గమనించి 2023లో ఫలితం ప్రకటించారు. మందు వాడిన ఒక్కొక్క సంవత్సరానికి గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు సగటున 4 శాతం పెరిగింది. పెరిగినవి ముఖ్యంగా రక్తపు పోటు, ధమనుల జబ్బులు.

4 శాతం అంటే నూరుమందిలో నలుగురికి అదనంగా జబ్బు వస్తుందని కాదు! చాలామంది పెద్దలు కూడా ఇక్కడ పొరపడతారు. లెక్క కోసం, వెయ్యిమందిలో 20 మందికి ఎలాగూ ఆ జబ్బు వచ్చేదనుకోండి. 20లో 4 శాతం 0.8. అంటే 20 కాస్తా 20.8 అవుతుంది, ఒక మనిషి కూడా పెరగలేదు. కాని ఏడాది తరువాత ఏడాది కలుస్తూ పోతే అది చిన్న అంకెగా ఉండిపోదు. మందు వాడుతున్నన్నాళ్ళూ రక్తపు పోటు చూపించుకోవాలనేది ఇందుకే.

తక్కెడలో రెండో పళ్ళెం కూడా ఉంది. జబ్బు ఉండి మందు లేకపోతే జరిగే నష్టం ఏమిటి? ధ్యాస నిలవని మనిషి రోడ్డు దాటేటప్పుడూ, బండి నడిపేటప్పుడూ ధ్యాస నిలవనివాడే. స్వీడన్‌లోనే లక్షా 48 వేల మందికి పైగా పరిశీలించి 2024లో ప్రకటించిన ఫలితం ప్రకారం, జబ్బు తేలిన వెంటనే మందు మొదలుపెట్టినవారిలో తరువాతి రెండేళ్ళలో మరణాలు, మొదలుపెట్టనివారిలోకంటే తక్కువ. ముఖ్యంగా ప్రమాదాలవంటి వాటితో వచ్చే మరణాలు తగ్గాయి. ఇక, డాక్టరు చెప్పిన మోతాదులో వాడిన పిల్లలు పెద్దయ్యాక మత్తుమందులకు ఎక్కువగా అలవాటు పడతారనే భయానికి ఇంతవరకు జరిగిన పరిశీలనల్లో గట్టి ఆధారం కనిపించలేదు. కనుక ఎవరో భయపెట్టారని డాక్టరుకు చెప్పకుండా పిల్లవాడి మందు ఆపేయడం కూడా మంచిది కాదు.

పది కిలోల సంచి

జబ్బు లేని విద్యార్థి పరీక్ష ముందు ఈ మాత్ర వేసుకొంటే? దీన్ని ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఒక తమాషా లెక్కతో పరీక్షించారు. అలాంటి లెక్క మీరూ చేసి చూడండి.

మీ సంచిలో 10 కిలోలు మాత్రమే పడుతుంది. అవనిగడ్డ నుంచి బందరు తీసుకువెళ్ళి అమ్మాలి. మూడు మూటలున్నాయి. ఎండు రొయ్యలు 6 కిలోలు, లాభం 300 రూపాయలు. మినుములు 5 కిలోలు, లాభం 240. పసుపు 5 కిలోలు, లాభం 230. మూట విప్పకూడదు. ఏవి తీసుకువెళతారు?

కిలోకు ఎక్కువ లాభం రొయ్యలకే కనుక తొందరలో రొయ్యల మూట సంచిలో వేసేస్తాం. మిగిలిన 4 కిలోల ఖాళీలో ఏదీ పట్టదు. లాభం 300. మినుములూ, పసుపూ వేసుకొంటే సంచి నిండి 470 వస్తుంది. మూటలు మూడే కనుక ఇది సులువు. పదో, పన్నెండో ఉంటే తల తిరుగుతుంది.

ఆ శాస్త్రజ్ఞులు 40 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకులకు ఇలాంటి లెక్కలు ఇచ్చారు. ఒకసారి ఉత్తి మాత్ర, వేరువేరు రోజుల్లో మిథైల్‌ఫెనిడేట్, డెక్సాంఫెటమిన్, మొడాఫినిల్ అనే మందులు ఇచ్చారు. ఏ రోజు ఏది మింగుతున్నారో వాళ్ళకు తెలియదు. మందు వేసుకొన్నప్పుడు వాళ్ళు ఎక్కువసేపు కూర్చున్నారు, మూటలు ఎక్కువసార్లు పెట్టారు, తీశారు. కష్టం పెరిగింది. కాని ఆ పెట్టడం, తీయడంలో పద్ధతి తగ్గింది. సంచిలో చేరిన లాభం పెరగకపోగా తగ్గింది. విచిత్రమేమిటంటే, ఉత్తి మాత్ర రోజున సగటుకంటే బాగా చేసినవారిలో కొందరు, మందు రోజున సగటుకంటే కిందికి జారిపోయారు. ఈ ఫలితం 2023లో వెలువడింది. మాత్ర వేసుకొని తెల్లవార్లూ చదివిన విద్యార్థికి తాను ఎంతో చదివినట్లు అనిపించడంలో ఆశ్చర్యం లేదు. పైగా పగలు నేర్చుకొన్నది జ్ఞాపకంలో గట్టిపడేది నిద్రలోనే. ఆ నిద్రను కాస్తా మాత్ర తినేసింది.

మన దగ్గర ఉత్తేజకాల దుర్వినియోగం వేరే దారిలో కూడా వస్తోంది. ఆపరేషను సమయంలో రక్తపు పోటు పడిపోతే పెంచడానికి మెఫెంటర్మిన్ అనే ఇంజెక్షను ఉంది. వ్యాయామశాలల్లో కొందరు యువకులు కండలు పెంచుకోవడానికి దీన్ని ఎక్కించుకొంటున్నారు. హైదరాబాదులో ఔషధ నియంత్రణ అధికారులు ఈ ఇంజెక్షన్లను చాలాసార్లు పట్టుకొన్నారు. దీనికి బానిసలై చికిత్సకు వచ్చినవారి గురించి మన దేశపు మానసిక వైద్యులు పత్రికల్లో రాశారు.

మిథైల్‌ఫెనిడేట్ విషయంలో మన చట్టం కట్టుదిట్టంగానే ఉంది. అది షెడ్యూల్ ఎక్స్ అనే జాబితాలో ఉంది. డాక్టరు చీటీ రెండు ప్రతులుగా రాయాలి. ఒక ప్రతిని మందుల షాపువాడు రెండేళ్ళు దాచి ఉంచాలి. మందును తాళం వేసిన బీరువాలో పెట్టాలి. ఇక ఏ పిల్లవాడికైనా అవధాన లోపం ఉందేమోనని అనుమానం వస్తే షాపుతో పని లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు వచ్చే వైద్య బృందాలు గమనించవలసిన జబ్బుల్లో ఇదీ ఒకటి. ఆ తరువాత పని డాక్టరుది. ఆయన మందు రాసే ముందు గుండె చప్పుడు విని, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు వచ్చిందా అని అడిగి, ఎత్తూ బరువూ నాడీ రక్తపు పోటూ రాసుకొంటాడు. బంధువుల పెట్టెలో సీమ నుంచి వచ్చిన సీసాకు ఈ ప్రశ్నలేవీ అడగడం చేతకాదు.

మీ ఇంట్లో ఉన్న మాత్రల అట్టలు ఒకసారి తీసి, పేరుకు ఎడమవైపు పైమూల చూడండి. డాక్టరు చీటీ మీదనే అమ్మవలసిన చాలా మందులకు అక్కడ ఆర్ఎక్స్ అనే గుర్తు ఉంటుంది. షెడ్యూల్ ఎక్స్ మందులకైతే అదే గుర్తుకు ముందు ఇంకో ఎక్స్ చేరి, ఎర్రటి అక్షరాల్లో ఉంటుంది.